తిమోతికి చదువు చెప్పింది ఎవరు?

సంఘంలో ఒక మాట తిరుగుతోంది: "మగదిక్కు లేని ఇల్లు. పన్నెండేళ్ల పిల్లాణ్ణి బడి మాన్పించి తానే చదువు చెబుతుందట. వాడేమైపోవాలి?"

ఈ మాటను మేము ఒప్పుకోము. తిమోతి తండ్రి గ్రీసు దేశస్థుడని అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో ఉంది, పేరు కూడా లేదు. పేర్లున్నది అవ్వ లోయికి, తల్లి యునీకేకు. పసితనం నుండి అతడు లేఖనాలు ఎరిగినది ఆ ఇంట్లోనే కదా!

తండ్రి లేడని తోటి పిల్లలు ఏడిపిస్తుంటే బడి మాన్పించింది ఆ తల్లి. పగలు కుట్టుమిషను తొక్కి, రాత్రి భిన్నాలు చెబుతోంది. పద్నాలుగేళ్లు నిండితే ఓపెన్ స్కూల్లో పదో తరగతి రాయవచ్చు, ఆ సర్టిఫికెట్టు చెల్లుతుంది. 2009 విద్యాహక్కు చట్టం బిడ్డకు హక్కు ఇచ్చింది గానీ తల్లికి శిక్ష రాయలేదు.

లోటు లేదని మేమనము. బీజగణితం ఆమెకు రాదు, వాడికి ఆడుకునే తోడు లేదు. మరి "వాడేమైపోవాలి" అన్నవారిలో ఒక్కరైనా వాడి నోటుబుక్కు తెరిచి చూశారా?

డిగ్రీ చదివిన తమ్ముళ్లు మనలో ఉన్నారు. శనివారం సాయంత్రం ఒక గంట లెక్కలు, ఆ తర్వాత క్రికెట్టు. ఆమె ఇంట్లో కాదు, మందిరం వరండాలో. లేకపోతే దానిమీదా ఇంకో మాట పుడుతుంది. ఎవరు వస్తారో ఈ ఆదివారం ఆరాధన అయ్యాక మాతో చెప్పండి.