రాళ్ళు తరలివచ్చినవి, ఊళ్ళ మాట?

నదులు కలియు తావును పుణ్యస్థలముగా భావించుట మన జాతి సంస్కారము. కృష్ణా తుంగభద్రలు కలియు కూడవెల్లియు, దానికి చేరువనున్న ఆలంపురమును అందుకు తెలుగునాట నిలిచిన సాక్ష్యములు. బాదామి చాళుక్యుల కాలమున, ఏడు, ఎనిమిది శతాబ్దులలో వెలసిన నవబ్రహ్మాలయములు ఆలంపురమున నేటికిని నిలిచియున్నవి. పేరు బ్రహ్మదైనను అన్నింటను కొలువైనవాడు శివుడే. అష్టాదశ శక్తిపీఠములలో నొకటైన జోగులాంబ సన్నిధి ఇచ్చటనే కలదు. శ్రీశైలమునకు పశ్చిమద్వారమన్న ప్రసిద్ధియు ఈ క్షేత్రమునకే దక్కినది.

శ్రీశైలము కడ కృష్ణకు అడ్డముగా ఆనకట్ట లేచినది. వెనుకకు నిలిచిన నీటిలో సంగమస్థలము మునిగినది. కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి వెంట రాయిగా విప్పి, ఆలంపురమునకు తరలించి, తిరిగి నిలిపిరి. అది మెచ్చదగిన కార్యము. దిగువనున్న సప్తనదీ సంగమేశ్వరుడు మాత్రము ఉన్నచోటనే ఉండిపోయెను. ఆ ఆలయము ఏటా అనేక మాసములు నీటనుండి, జలాశయము తగ్గినప్పుడే కన్పట్టును. ఒక గుడి నిలిచినది, సంగమమునకు దూరమైనది; వేరొక గుడి సంగమమును విడువలేదు, నీటికి లోబడినది.

గుళ్ళకు ఈ మాత్రపు గతియైనను కలిగినది. మరి ఊళ్ళకో? కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో అనేక గ్రామములు ఆ నీటి క్రిందికి పోయినవి. ప్రాజెక్టు వలన విద్యుత్తు వచ్చినది, పొలములకు నీరు పారినది, దానిని కాదనలేము. కాని ఆ ఊళ్ళతో పాటు పుట్టి నడిచిన రేవుల పేర్లు, చేల పేర్లు, తిరునాళ్ళ పాటలు, నది పొంగును ముందుగా పసిగట్టినవారి మాటలు చెదరిపోయినవి. రాళ్ళను కూర్చినంత శ్రద్ధగా వీనిని కూర్చిన జాడ అరుదు.

1981లో ఊరు విడిచిన ఇరువదేండ్ల యువకుడు నేడు అరువది దాటిన వృద్ధుడు. ఇక జాగు చేయుటకు వ్యవధి లేదు. 1953లో ఆంధ్ర సారస్వత పరిషత్తు తన సభలను ఆలంపురముననే జరిపినది. ఆ నేలకు తెలుగు సాహిత్యము ఋణపడియున్నది. పరిసర కళాశాలల తెలుగు శాఖలు విద్యార్థులను నిర్వాసితుల ఇండ్లకు పంపవలెను. వారు చెప్పునది చెప్పినట్లే, వారి యాసలోనే వ్రాయించి, ఊరి పేరుతో అచ్చు వేయించవలెను. తరలివచ్చిన సంగమేశ్వరుని దర్శించు యాత్రికునికి ఆ గుడి మొదట ఏ ఒడ్డున ఉండెనో, దాని చుట్టును ఎవరు బ్రదికిరో చెప్పు చిన్న పుస్తకమైనను ఆ చెంతనే లభింపవలెను. ఇది పెద్ద ధనముతో పని కాదు, పూనికతో పని.