పరాయి ఇంట చిక్కుకున్న సోదరి

ములకలపల్లి వంటి అటవీ సరిహద్దు మండలం నుంచి హైదరాబాదులోని వలసదారుల సంరక్షణాధికారి కార్యాలయానికి వెళ్లి విచారించాలంటే కూలిపని మానుకోవాలి, బస్సు చార్జీలు పెట్టుకోవాలి. ఏజెంటు మాత్రం గుమ్మం ముందుకే వస్తాడు.

గల్ఫ్ దేశాల్లో ఇంటిపనికి 30 ఏళ్లు నిండని స్త్రీని పంపరాదన్నది మన దేశ నిబంధన. 2016 నుంచి ఈ నియామకాలు ప్రభుత్వ సంస్థల ద్వారానే జరగాలి. తెలంగాణలో అది టామ్‌కామ్. అందుకే దళారి ఆమెను విజిట్ వీసాపై విమానమెక్కిస్తాడు. ఒప్పందం ఉండదు, బీమా ఉండదు. రికార్డులో ఆమె శ్రామికురాలు కాదు, సందర్శకురాలు!

అక్కడ ‘కఫీల్’ పాస్‌పోర్టు తీసుకుంటాడు. కఫాలా అంటే పూచీ వహించడం. అనాథను చేరదీసే పుణ్యకార్యానికీ ఇదే మాట. అంతటి మాట చాటున ఒక స్త్రీని నిర్బంధించడం ఎంత ఘోరం! వేధింపులు భరించలేక ఆమె బయటపడితే, సౌదీలో ‘హురూబ్’ అని, అంటే పారిపోయిందని, యజమాని ఫిర్యాదు చేయగలడు. కనుక ఆమె మరో ఇంట దొంగచాటుగా పనికి కుదరకుండా నేరుగా భారత రాయబార కార్యాలయానికి చేరడం మేలు.

ఇక్కడి కుటుంబం చేతులు కట్టుకుని కూర్చోనవసరం లేదు. విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో ఇంటివారే ఫిర్యాదు నమోదు చేయవచ్చు. పాస్‌పోర్టు, వీసా నకళ్లు, కఫీల్ పేరు, ఫోన్ నంబరు, ఆమె ఉన్న ఊరు, ఏజెంటు వివరాలు సిద్ధంగా ఉంచుకోవాలి. ఈ కాగితాలు లేకే ఎన్నో అర్జీలు ముందుకు సాగవు. పాస్‌పోర్టు చేతిలో లేకపోతే రాయబార కార్యాలయం అత్యవసర ప్రయాణ పత్రం ఇస్తుంది. మనవాళ్లు దాన్నే ఔట్‌పాస్ అంటారు. నిరుపేదలకు వసతి, టిక్కెట్టు ఖర్చు భరించేందుకు 2009లో ఏర్పడిన భారతీయ సముదాయ సంక్షేమ నిధి ఉంది. ఆలస్యమయ్యేది సాధారణంగా ఆ దేశపు నిష్క్రమణ అనుమతి దగ్గరే. 2018లోనూ 2024లోనూ కువైట్ క్షమాభిక్ష ప్రకటించినప్పుడు, గడువు మీరినవారు జరిమానా లేకుండా వెళ్లిపోయే వీలు కలిగింది. అటువంటి ప్రకటన వెలువడితే ఒక్కరోజైనా జాగు చేయరాదు.

“మరికొంత ఇవ్వండి, నేనే రప్పిస్తాను” అనే ఏజెంటుకు పైసా ఇవ్వకండి. స్థానిక పోలీసు స్టేషనులో ఫిర్యాదు చేయండి. సొమ్ము తిరిగిస్తానంటే రాజీపడటం మన ఊళ్లలో మామూలే. కాని అతడు మరునాడు ఇంకో గడప తొక్కుతాడు.

ఆమె తిరిగొచ్చాక అప్పులవాళ్లు వస్తారు. అంతకన్నా ముందే గుసగుసలు వస్తాయి. “అక్కడ ఏం జరిగింది?” అని గుచ్చి అడిగే హక్కు ఎవరికీ లేదు. జకాత్ పొందదగినవారిలో రుణగ్రస్తులనూ, బాటసారులనూ ఖుర్ఆన్ (9:60) పేర్కొంది. మసీదు కమిటీలు ఈ రెండు పద్దులను గుర్తుచేసుకోవాలి. తిరిగొచ్చిన ఆమె పొరుగు గూడెపు గిరిజన సోదరి అయితే, సదఖా ద్వారం తెరిచే ఉంది.