పూలమడికి ప్లాస్టిక్ దుప్పటి ఎందుకు?

అపార్ట్‌మెంట్ల ఆవరణల్లో, ఇళ్ల ముందు పూలమడుల్లో నల్లటి వీడ్ మ్యాట్ పరచడం మామూలైపోయింది. పాలీప్రొపిలీన్ నేత పట్టా పరిచి, మొక్క ఉన్నచోట కోసి, పైన గులకరాళ్లు పోస్తే కలుపు బాధ తీరినట్టేనని అమ్మేవారి మాట. మొదటి ఏడాది అది నిజమే. వెలుతురు అందక నేలలోని విత్తనాలు చాలావరకు మొలవవు. కానీ కలుపు నేలలోంచే కాదు, పైనుంచీ వస్తుంది. గడ్డిచేమంతి, వయ్యారిభామ విత్తనాలు గాలికి కొట్టుకొచ్చి రాళ్ల మధ్య పడతాయి. అక్కడ దుమ్మూ ఆకుల పొడీ పేరుకుని కొన్నాళ్లకు పలుచని మట్టి పొర అవుతుంది. మొలవడానికి వాటికి ఆ పొర చాలు. వేళ్లు నేతలోకి దూరి అల్లుకున్నాక పీకబోతే కాడ తెగుతుంది, వేరు మిగిలిపోతుంది. తుంగ మరీ మొండిది. దళసరి పట్టా కొంత ఆపినా, మొక్క కోసం కోసిన రంధ్రం దాకా అడుగునే పాకి, అక్కడ తలెత్తుతుంది.

నేలకు జరిగే నష్టం ఇంకా పెద్దది. రాలిన ఆకు కుళ్లి మట్టిలో కలిస్తేనే నేల గుల్లబారుతుంది, వానపాములకు తిండి దొరుకుతుంది. పట్టా ఆ దారి మూసేస్తుంది. కోసిన అంచుల్లో దారాలు ఊడి, ఎండకు పెళుసెక్కి, ఏరలేనంత చిన్న ముక్కలై మట్టిలో కలుస్తాయి.

మిరప, పుచ్చ రైతులు మల్చింగ్ షీట్లు వాడుతున్నారు కదా అనవచ్చు. అవి కొద్ది నెలల పంటకు వేసేవి. పంట అయ్యాక తీసేసి మళ్లీ దున్నుకోవచ్చు. పూలమడిలో పట్టా ఏళ్ల తరబడి ఉండిపోతుంది. నర్సరీల్లో కుండీల కింద, నడకదారుల్లో రాళ్ల కింద వీడ్ మ్యాట్ వేయడంలో తప్పు లేదు. అక్కడి నేలను సారవంతం చేయాల్సిన పని లేదు. కలుపు తీసే మనిషి దొరకడం లేదన్నదీ కాదనలేని మాటే. అయితే పట్టా ఆ పనిని తప్పించదు, వాయిదా వేస్తుంది. వేళ్లతో అల్లుకుపోయిన పట్టాను తర్వాత ఊడబెరకడం మామూలు కలుపు తీత కన్నా కష్టం.

ఇంతకన్నా మంచి కప్పు మన చెట్ల కిందే ఉంది. తుంగను గడ్డలతో సహా తవ్వి తీసి, మడిని తడిపి, ఎండుటాకులో వరిగడ్డో కొబ్బరి పీచో మూడు అంగుళాల మందాన పరిస్తే చాలా కలుపు అణగిపోతుంది, తడీ నిలుస్తుంది. పైన మొలిచిన నాలుగు మొక్కలూ వేళ్లతో సహా సులువుగా వస్తాయి. చెద భయం ఉంటే కాండానికీ గోడకూ దూరంగా పరచాలి. ఆకు కుళ్లే కొద్దీ కొత్తది వేయాలి; ఆ కుళ్లిందే ఎరువు. ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు 2016లోనే చెత్తను బహిరంగంగా తగలబెట్టకూడదన్నా, ఊడ్చిన ఆకుల కుప్పలకు నిప్పు పెట్టడం మానలేదు. అపార్ట్‌మెంట్ సంఘాలు పట్టాకు డబ్బు పోసే ముందు, రోజూ బయట పారబోస్తున్న ఆకును తమ మడుల్లోనే వేయించాలి.