పత్తి సాళ్లలో గంజాయి, ఊరి నడుమ బెల్టు షాపు

ఆదిలాబాద్ జిల్లాలో పత్తి, కంది సాళ్ల మధ్య గంజాయి మొక్కలు దొరికాయన్న వార్త వానకాలం పంటతో పాటే వస్తుంది. మొక్కలు పీకుతారు, లెక్కపెడతారు, రైతు మీద కేసు రాస్తారు. 1985 నాటి మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టం ప్రకారం గంజాయి సాగుకు పదేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జరిమానా. సరుకు చేతులు మారి నగరం చేరాక లాభం తిన్నవాడు మాత్రం ఆ చేను గట్టున ఎప్పుడూ నిలబడడు.

పరులకు హాని లేనంతవరకు మనిషి జోలికి పోవద్దన్నవాడు జాన్ స్టువర్ట్ మిల్. 1859లో స్వేచ్ఛపై రాసిన పుస్తకంలో, చైనాలోకి నల్లమందు రానివ్వకపోవడం కొనేవాడి స్వేచ్ఛకు భంగమన్నాడు. బాగానే ఉంది. కానీ ఆయన అంతకుముందు ఏడాది దాకా ముప్పై అయిదేళ్లు కొలువు చేసింది ఈస్టిండియా కంపెనీలో. ఆ నల్లమందును కలకత్తాలో వేలం వేసిందీ అదే కంపెనీ. కొనేవాడి స్వేచ్ఛ గురించి గట్టిగా మాట్లాడేవారిలో అమ్మేవాడి మనిషి కూడా ఉంటాడని ఇక్కడే గుర్తుపెట్టుకోవాలి.

అదే పుస్తకంలో మరో మాట మనకు ఎక్కువ పనికొస్తుంది. విషాన్ని అమ్మనివ్వండి, కానీ అది ప్రమాదమని సీసా మీద రాయించండి అంటాడు. మన కల్లు దుకాణాన్ని ఈ కొలతతో చూడండి. 2015లో నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు కల్తీ కల్లుకు అడ్డుకట్ట పడగానే జనం వణుకుతూ, పిచ్చిచూపులతో ఆస్పత్రులకు చేరారు. వాళ్లు కల్లుకు అలవాటుపడ్డామనే అనుకున్నారు. అలవాటైంది అందులో కలిపిన అల్ప్రాజోలం, డయజెపాం లాంటి మందులకు. ఏం తాగుతున్నాడో తెలియనివాడికి తాగే స్వేచ్ఛ ఉందనడం ఎగతాళే. ఇప్పసారా సంగతి వేరు. దేవుడికి ధారపోసి పెద్దల ముందు తాగే గోండు గూడెంలో ఆ ఇప్పపువ్వు ఎక్కడ రాలిందో, ఎవరు వండారో అందరికీ తెలుసు.

అట్లయితే గంజాయిని చట్టబద్ధం చేద్దామా? నా భయం గంజాయి గురించి కాదు, చట్టబద్ధం చేసే చేయి గురించి. మద్యం విషయంలో ఆ చేయి ఏం చేసిందో చూడండి. 2023లో తెలంగాణలోని 2,620 మద్యం దుకాణాలకు లక్షా 30 వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఒక్కో దరఖాస్తుకు తిరిగి ఇవ్వని రుసుము అప్పట్లో రెండు లక్షలు. సీసా అమ్ముడుపోకముందే ఖజానా నిండింది. అంత పెట్టినవాడు పట్నంలో కౌంటరు తెరిచి ఊరుకుంటాడా? లైసెన్సు లేని బెల్టు షాపు ఊరి నడుమకు వస్తుంది. కూలి డబ్బు అక్కడ దిగబడితే, పొయ్యి వెలగని ఇంట్లో ఆడమనిషికి జరిగేది పరులకు హాని కాదా? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించింది ఈ లెక్కతోనే.

కాబట్టి తాగేవాణ్ని, నాలుగు మొక్కలు పెట్టిన రైతును జైలుకు పంపడం మానాలి. అమ్మకాన్ని ఖజానాకు ఆదాయవనరు చేయడమూ మానాలి. గిరిజన ప్రాంతాల పంచాయతీల కోసం తెచ్చిన 1996 నాటి పెసా చట్టం ఏజెన్సీ గ్రామసభకు మత్తు పదార్థాల అమ్మకాన్ని నియంత్రించే, నిషేధించే అధికారం ఇవ్వాలంది. ఆదిలాబాద్ జిల్లా బోథ్ చుట్టుపక్కల గూడేల్లో బెల్టు షాపు తెరిచే ముందు గ్రామసభను ఎవరు అడిగారు?