నల్లి అంటే ఏ నల్లి?

మంచంలో ఉండేది నల్లి. వరి కంకిని పట్టేది కంకినల్లి. వరి గింజ పాలు పోసుకునేటప్పుడు రసం పీల్చి, పొలమంతా వాసన కొట్టించేది కంపునల్లి. మిరపలో తెల్లనల్లి, వంగలో ఎర్రనల్లి. మన భాష ఇంత ఉదారంగా ఉండడం సంతోషమే గానీ, ఈ అయిదింటిలో మూడు అసలు కీటకాలే కావు. కంకినల్లి, తెల్లనల్లి, ఎర్రనల్లి ఎనిమిది కాళ్లతో సాలీడుకి దగ్గర చుట్టాలు. మిగిలిన రెండే ఆరు కాళ్లవి.

మాటల పట్టింపు అని కొట్టిపారేయకండి. కురుపాం సంతకొచ్చిన రైతు పురుగుమందుల కొట్టు ముందు నిలబడి "నల్లి పట్టేసింది, మందియ్యి బాబూ" అంటే, ఆ ఒక్క మాట మీదే డబ్బా చేతులు మారుతుంది. సాలీడు జాతి నల్లికని ప్రత్యేకంగా చేసిన మందు ఆరు కాళ్ల నల్లిని పెద్దగా ఏమీ చెయ్యదు. ఆరు కాళ్లదానికి కొట్టే కొన్ని మందులు ఎనిమిది కాళ్లదాని శత్రువుల్ని చంపి, దాన్ని ఇంకా పెంచుతాయి. డబ్బు పోయేది రైతుది.

(విశాఖలో కురుపాం అంటే చాలామందికి వన్ టౌన్‌లోని కురుపాం మార్కెట్టే గుర్తొస్తుంది. నేను చెప్పేది పార్వతీపురం మన్యం జిల్లాలో, సవరలు, జాతాపులు ఉండే కొండల అంచున ఉన్న అసలు కురుపాం గురించి.)

ఈ ఆరు కాళ్ల వాటిలో గింజల మీద బతికే గుంపు ఒకటుంది. గింజనల్లులు అందాం. జిల్లేడు కాయల మీద ఎరుపు నలుపు రంగులతో గుంపులుగా కనిపించేది మనందరికీ తెలుసు. జిల్లేడు విషాన్ని ఒంట్లో దాచుకుని, "నన్ను తినకు" అని పిట్టలకి రంగుతో చెప్పుకుంటుంది. పగిలిన పత్తికాయలో దూరి గింజని పీల్చే చిన్న మసిరంగు నల్లి ఇంకొకటి. వేరుశనగ పీకి పనలు ఆరబెట్టినప్పుడు, కళ్లంలోనూ కొట్లోనూ కాయకి ముక్కు గుచ్చి రసం లాగే గోధుమరంగుది మరొకటి. అది పట్టిన గింజ ముడుచుకుపోతుంది, నూనె చేదెక్కుతుంది.

ఇక ఈ పేర్ల కథ. 1758లో లిన్నేయస్ మంచంలో నల్లినీ, చేలో నల్లినీ కలిపి "సైమెక్స్" అన్నాడు. లాటిన్‌లో దానికి అర్థం నల్లి అనే! అంటే మన రైతు చేసిందే ఆ మహానుభావుడూ చేశాడు. తేడా ఏమిటంటే, ఆయన తర్వాతి వాళ్లు అక్కడితో ఆగలేదు.

శాస్త్రీయనామం మన తెలుగు పేరులాంటిదే. ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. జిల్లేడు నల్లికి 1763లో స్కోపోలి పెట్టిన పేరు సైమెక్స్ పాండ్యురస్. ఆ తర్వాత అది లైజియస్ వారింటికి, అక్కణ్ణించి స్పైలోస్టెతస్ వారింటికి దత్తత వెళ్లింది. ఇంటిపేరు మారినా కన్నతండ్రి పేరు పోనివ్వరు. అందుకే స్కోపోలి పేరు బ్రాకెట్లలో ఉంటుంది. "ఇది పుట్టినిల్లు కాదు" అని ఆ బ్రాకెట్లకి అర్థం. మనవాళ్లు పరీక్షల్లో వాటిని అలంకారానికి పెడతారు! ఇదే నల్లికి ఫాబ్రీషియస్ 1775లో మిలిటారిస్ అని ఇంకో పేరు పెట్టాడు. మన పాత పుస్తకాల్లో ఎక్కువగా కనిపించేది అదే. వేరుశనగ నల్లి సంగతీ అంతే. పాత పుస్తకాల్లో అఫానస్ సార్డిడస్, ఇప్పుడు ఎలాస్మోలోమస్ సార్డిడస్. రెండు పేర్లు చూసి రెండు పురుగులనుకునే ప్రమాదం ఉంది.

కుటుంబం పేరు లైజియిడే. 1829లో షిల్లింగ్ ఏర్పరిచిన ఈ ఉమ్మడి కుటుంబం ఎంత పెరిగిందంటే, 1964లో జేమ్స్ స్లేటర్ వేసిన ప్రపంచ జాబితాకి రెండు సంపుటాలు పట్టాయి. 1997లో థామస్ హెన్రీ పంపకాలు చేశాడు. ఒకే కప్పు కింద ఉన్నవాళ్లలో కొందరు తమవాళ్లకంటే పక్కింటివాళ్లకే దగ్గర చుట్టాలని తేలింది మరి. పత్తి నల్లి ఆక్సికరెనిడే వాటాకి, వేరుశనగ నల్లి రైపరోక్రోమిడే వాటాకి పోయాయి. జిల్లేడు నల్లి పాత ఇంట్లోనే ఉండిపోయింది. పంచేటప్పుడు చూసిన దస్తావేజులేమిటంటే పొట్ట మీది శ్వాసరంధ్రాలు పైవైపున్నాయా, కిందివైపున్నాయా, నాలుగో ఫలకానికీ అయిదో ఫలకానికీ మధ్య గీత అంచుదాకా వెళ్తోందా, మధ్యలో ముందుకి వంగి ఆగిపోతోందా అనేవి. చేతిలో భూతద్దం, కాస్త ఓపిక ఉంటే మన డిగ్రీ విద్యార్థి చూడలేనివి కావు.

"ఎవరు ఏ వాటాకి పోతే మనకేం?" అంటారా? ఆ పంపకంలోనే వేరుపడిన ఇంకొకటి జియోకోరిస్. పెద్ద కళ్లది. గింజ కూడా రుచి చూస్తుంది గానీ తెల్లదోమనీ, నల్లినీ, పురుగుల గుడ్లనీ తింటుంది. రైతుకి జీతం లేని పాలేరు. గుంపు పేరు చూసి దీన్నీ దొంగల లెక్కలో వేసి మందు కొడితే చేను కాసేవాణ్ణే చంపుకున్నట్టు. దొంగనీ కాపలావాణ్ణీ విడదీసి చెప్పేదే వర్గీకరణ. చీమిడి ముక్కు రికార్డు బుక్కులో బొమ్మలు గీయడం కాదు.

నా అసలు ఫిర్యాదు పేర్ల గురించి. లిన్నేయస్ శిష్యుడు కోనిగ్ 1768లో తరంగంబాడి వచ్చి, 1785లో మన కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. ఆయన పంపిన పురుగుల్లో చాలావాటిని ఫాబ్రీషియస్ వర్ణించాడు. ఆ రోజుల్లోనే సామర్లకోటలో ఉన్న రాక్స్‌బరో తన కోరమాండల్ మొక్కల పుస్తకంలో తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడు. అందుకే మన సోమిద చెట్టు ప్రపంచానికంతటికీ "సోయ్‌మిడా" అయింది. మొక్కకి దక్కిన గౌరవం పురుగుకి దక్కలేదు. డిస్టెంట్ 1902 నుంచి 1918 దాకా ఏడు సంపుటాల్లో భారతదేశపు నల్లుల జాతుల్ని వర్ణించాడు. వాటిని చేలో చూసి మనవాళ్లు ఏమని పిలుస్తారన్నది ఆ పనిలో భాగం కాలేదు.

ఇప్పుడు ఆ ఖాళీ నింపడానికి కొందరు పెద్దలు నాలుగు సంస్కృత సమాసాలు కుట్టి పారిభాషిక పదమంటారు. పలకడానికే నోరు తిరగని పేరు కొట్టువాడికి రైతు ఎలా చెబుతాడు? పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ కొండల సవరల దగ్గరే కూర్చుని మాట నేర్చుకున్నారు. 1931లో సవర భాషకి వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. పదం కావాలంటే పలికేవాడి దగ్గరికెళ్లాలని ఆయన చేసి చూపించిన తర్వాత కూడా మనం పదాలు గదిలో కూర్చుని తయారుచెయ్యడమేమిటి? పోడు చేలో చోళ్లూ, సామలూ, కందీ కలిపి పండించేవాడికి ఏ పురుగు ఎప్పుడొస్తుందో తెలుసు. ఆ తెలివికి పక్కన సరైన శాస్త్రీయనామం చేర్చడమే మన పని. అది ఎం.ఎస్సీ. దాకా ఆగనక్కర్లేదు.

కాబట్టి సంక్రాంతికి కురుపాం, గుమ్మలక్ష్మీపురం వైపు ఊళ్లకెళ్లే జంతుశాస్త్ర విద్యార్థులకి ఒక మాట. రెండు చిన్న సీసాల్లో స్పిరిట్ పట్టుకెళ్లండి. పురుగుతోపాటు ఊరు, తేదీ, ఏ మొక్క మీద దొరికిందో, అక్కడివాళ్లు దాన్ని ఏమంటారో చీటీ మీద రాసి సీసాలోనే వెయ్యండి. సవర మాటైతే విన్నది విన్నట్టు తెలుగు లిపిలో రాయండి, దిద్దకండి. రాసేది మాత్రం పెన్సిలుతో. పెన్ను సిరా స్పిరిట్‌లో కరిగిపోతుంది.