కంచె లోపలి నేలకూ ఒక లెక్క ఉండాలి
రక్షణ మంత్రి శ్రీ రాజ్‌నాథ్ సింగ్ గారికి ప్రత్తిపాడు నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి,

సైనిక స్థావరాల్లో సౌర విద్యుత్ ప్లాంట్లు వద్దని చెప్పడానికి రాస్తున్న ఉత్తరం కాదిది. పెట్టాలనే నా అభిప్రాయం. కాకపోతే పెట్టేముందు ఆ నేలను ఒక ఏడాది పాటు, అంటే వానాకాలం, చలికాలం, ఎండాకాలం మూడింటిలోనూ పరిశీలించి, తేలిన సంగతులు జనం చదవగలిగేలా ప్రకటించమని అడుగుతున్నాను. అడుగుతున్నది చిన్నదే. అయితే మన నిబంధనలను పక్కపక్కన పెట్టి చదివితే, ఈ పని చేసి తీరాలని ఎవరినీ ఎక్కడా ఆదేశించలేదని తెలుస్తుంది.

2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ పరిధిలోకి సోలార్ ప్లాంట్లు రావని పర్యావరణ శాఖ 2011లో స్పష్టం చేసింది, 2017లో మరోసారి చెప్పింది. పొగగొట్టం లేదు, బూడిద లేదు, కాబట్టి బొగ్గు కేంద్రాన్ని చూసినట్టు చూడనక్కర్లేదన్నది అందులోని తర్కం. దేశ రక్షణకు సంబంధించిన ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ అవసరం లేదని అదే నోటిఫికేషన్ మరో చోట చెబుతోంది. దానికీ కారణం ఉంది, ఆయుధాగారం నమూనా మీద ఊరి సభలో చర్చ పెట్టమని ఎవరూ అడగరు. విడివిడిగా చూస్తే రెండూ అర్థం చేసుకోదగ్గ మినహాయింపులే. రెండూ ఒకే స్థలంలో కలిసినప్పుడే చిక్కంతా. సోలార్ కనుక అంచనా అక్కర్లేదు, సైన్యానిది కనుక ఎవరినీ అడగక్కర్లేదు. వీటికి తోడు 2023లో అటవీ సంరక్షణ చట్టాన్ని సవరించి, భద్రతకు సంబంధించిన నిర్మాణాలకు 10 హెక్టార్ల వరకు మినహాయింపు ఇచ్చారు. పది హెక్టార్లంటే సుమారు 25 ఎకరాలు, అయిదారు మెగావాట్ల ప్లాంటుకు చాలినంత చోటు. స్థావరానికి కరెంటిచ్చే ప్లాంటు కూడా భద్రతా నిర్మాణమేనని రేపు ఎవరైనా వాదిస్తే ఏం చేస్తాం?

ఇదంతా ఊహల మీద నడిచే వాదన కాదు. రక్షణ, పారామిలిటరీ సంస్థల స్థలాల్లో 300 మెగావాట్లకు పైగా సౌర విద్యుత్తు పెట్టడానికి కేంద్ర మంత్రివర్గం 2014 డిసెంబరులోనే ఆమోదం తెలిపి, 750 కోట్ల రూపాయల తోడ్పాటు ప్రకటించింది. ఇబ్రహీంపట్నంలో భారత్ డైనమిక్స్ సోలార్ ప్లాంటు పెట్టుకుంది. భీమిలి దారిలోని ఐఎన్ఎస్ కళింగలో 2 మెగావాట్ల ప్లాంటును నౌకాదళం 2020 అక్టోబరులో ప్రారంభించింది. మన ఎండకు రెండు మెగావాట్లంటే ఏడాదికి దాదాపు 30 లక్షల యూనిట్లు. అంత కరెంటు గ్రిడ్ నుంచి తీసుకుంటే, బొగ్గు వాటా ఎక్కువగా ఉన్న మన గ్రిడ్‌లో రెండు వేల టన్నులకు పైగా బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. ఈ మేలు నిజమైనది. ప్రత్తిపాడు లాంటి చోట దీనికి మరో విలువ కూడా ఉంది. నేల మీద ఒక మెగావాట్‌కు నాలుగైదు ఎకరాలు కావాలి. సైన్యం తన సొంత స్థలంలో వేసుకునే ప్రతి మెగావాట్ వల్లా ఎక్కడో నాలుగెకరాల మిరప చేను, పత్తి చేను కౌలు కాగితాల్లోకి ఎక్కకుండా మిగులుతుంది. అందుకే కంచె లోపల సోలార్ అనగానే ఇక్కడ ఎవరూ కాదనరు.

కాకపోతే కంచె లోపలి నేల ఖాళీ నేల అనుకోవడం దగ్గరే తప్పు మొదలవుతోంది. దశాబ్దాల పాటు నాగలి దిగని, ప్లాట్లు వేయని, మేకలు మేయని జాగాలు ఈ దేశంలో మిగిలిన చోట్లలో సైనిక కంచెల లోపలి నేల ఒకటి. రెవెన్యూ లెక్కల్లో రక్షణ భూమి అని ఒక్క ముక్క ఉంటుంది తప్ప అక్కడ తుప్ప ఉందా, గడ్డి భూమి ఉందా, ఇసుక దిబ్బ ఉందా అన్నది రాయరు. ఐఎన్ఎస్ కళింగ సంగతే తీసుకుందాం. దాని పరిసరాల్లోనే ఎర్రమట్టి దిబ్బలున్నాయి. భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ జాతీయ భూ వారసత్వ స్థలంగా గుర్తించిన చోటు అది, 2025 సెప్టెంబరులో యునెస్కో తాత్కాలిక జాబితాకూ ఎక్కింది. గాలి పోగుచేసిన మెత్తటి ఇసుకను వాననీరు కోసుకుంటూ పోవడం వల్లే ఆ దిబ్బలకూ గండ్లకూ ఆ రూపం వచ్చింది. అలాంటి మట్టిలో నీటి దారి ఒక మూర జరిగినా కోత మారిపోతుంది. రెండు మెగావాట్లకు సుమారు ఆరు వేల పలకలు, ఒక్కోటి రెండు చదరపు మీటర్లు అనుకుంటే, వంద మిల్లీమీటర్ల వాన పడిన రోజున వాటి మీది నుంచి జారే నీరు 12 లక్షల లీటర్లు. పలకలు లేకున్నా ఆ నీరు పడేదే, నిజమే. కానీ అప్పుడు నేలంతా పరుచుకుని పడేది, ఇప్పుడు ప్రతి వరుస కింది అంచు నుంచి ఒకే గీత మీద పడుతుంది. రెండు మూడు వానలకే ఆ గీత వెంట వేలెడు లోతు కాలువ పడుతుంది. దాని కొస ఎటు తిరుగుతుందో పని మొదలుకాక ముందే చూసుకోవాలి. కళింగ ప్లాంటు దిబ్బలకు చెరుపు చేసిందని నేను అనడం లేదు. చేయలేదని తేల్చి చెప్పే అంచనా ఒకటి ఉండాలని 2006 నోటిఫికేషన్ అడగనే లేదు, నా అభ్యంతరం అది.

నీటి దారి విలువ నల్లరేగడి రైతుకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. మే నెలలో రేగడి చేలో చెయ్యి దూరేంత నెర్రెలు ఉంటాయి, తొలకరి వాన వాటిలోంచే లోపలికి దిగుతుంది. అదే చేనును డోజరుతో చదును చేసి రోలరు తొక్కిస్తే ఆ దారులు మూసుకుపోయి నీళ్లు పక్క చేలోకి మళ్లుతాయి. మిరప మొదట్లో నీళ్లు నిలిస్తే తోట వడలిపోతుంది. కలుపు మాటా ఇంతే. పలకల కింద గడ్డి పెరిగితే నీడ పడుతుంది, ఎండిపోతే నిప్పు భయం. కూలీలను పెట్టి కోయించడం కంటే గడ్డి మందు కొట్టడం చవక. గ్లైఫోసేట్ ఎలాంటిదో పత్తి పండించే ఊళ్లకు బాగా తెలుసు. దాని వాడకాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకే పరిమితం చేస్తూ 2022 అక్టోబరులో కేంద్రమే ఉత్తర్వు ఇచ్చింది. సైనిక స్థావరంలోని ప్లాంటును నడిపే కాంట్రాక్టరు ఏ మందు కొడుతున్నాడో, ఆ నీరు ఏ వాగులో కలుస్తుందో బయటివాళ్లు వెళ్లి చూడలేరు కదా.

ప్రత్తిపాడు వైపు నీళ్లు మోసే నల్లమడ వాగు బాపట్ల దగ్గర సముద్రానికి చేరుతుంది. ఆ తీరంలోనే సూర్యలంక వైమానిక స్థావరం ఉంది, 2020 చివర్లో ఆకాశ్ క్షిపణులను ప్రయోగించిన చోటు. రేపు అక్కడ పెద్ద సోలార్ ప్లాంటు ప్రతిపాదన వచ్చిందనుకుందాం. ఆ ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు చలికాలం చివర గుడ్లు పెడతాయి, అటవీ శాఖ వాటిని సేకరించి పొదిగిస్తోంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల వెలుతురు వైపు నడుస్తుంది. సముద్రం మీది మసక వెలుగు కంటే ప్లాంటు కాపలా దీపం ప్రకాశంగా కనిపిస్తే పిల్ల అటే పోయి చస్తుంది. దీపాలకు తొడుగు వేసి కిందికి దించితే, గుడ్ల కాలంలో యంత్రాలు తిప్పకుండా ఉంటే ఈ నష్టం దాదాపు తప్పుతుంది. పైసా ఖర్చు లేని జాగ్రత్త, కానీ ముందుగా ఎవరో ఒకరు రాసి పెడితేనే టెండరులోకి ఎక్కుతుంది.

అన్ని ఆందోళనలూ ఒకే బరువున్నవి కావు. పలకలు కడగడానికి నీళ్లు తోడేస్తారని చాలామంది భయపడతారు. పలకకు మూడు లీటర్ల చొప్పున రెండు మెగావాట్లకు ఒకసారి కడిగితే 18 వేల లీటర్లు, నాలుగు ట్యాంకర్ల లోపే. తీరంలో బోరు నీళ్లు ఉప్పుబారే చోట తప్ప ఇది పెద్ద లెక్క కాదు. సోలార్ వల్ల ఊళ్లు వేడెక్కుతాయన్నదీ అంతే. అరిజోనాలో చేసి 2016లో ప్రచురించిన అధ్యయనంలో రాత్రిపూట ప్లాంటు మీద మూడు నాలుగు డిగ్రీల వేడి ఎక్కువగా కనిపించింది, ఆ తేడా ప్లాంటు లోపలిది. దాని పేరు చెప్పి పక్క ఊరిని భయపెట్టడం న్యాయం కాదు.

మీ అధికారులు మొదట చెప్పబోయే మాట భద్రత. నేనడిగే నివేదికలో ఉండాల్సినవి నేల వాలు, నీటి దారి, అక్కడి మొక్కలు, పక్షులు, గూళ్ల కాలం, కడిగే నీళ్లు ఎక్కడివి, గడ్డి మందు పేరు, పాడైన పలకలు ఎటు పోతాయి అన్నవే. వీటిలో ఏ ఒక్కటీ శత్రువుకు అక్కరకొచ్చేది కాదు. ప్లాంటు ఎక్కడుందో, ఎన్ని మెగావాట్లో సైన్యమే పత్రికలకు చెబుతోంది. దాచాల్సిన భాగం ఏదైనా ఉంటే ఆ పేజీలు తీసేసి మిగతావి ఇవ్వవచ్చు. అమెరికాలో 1970 నుంచి ఉన్న జాతీయ పర్యావరణ విధాన చట్టం సైన్యాన్ని వదిలిపెట్టలేదు, అయినా అక్కడి స్థావరాల్లో సోలార్ ఆగిపోలేదు. నెవాడాలోని నెల్లిస్ వైమానిక స్థావరంలో 2007లో 14 మెగావాట్ల ప్లాంటు కట్టారు, అందులో కొంత భాగాన్ని చెత్త పూడ్చి మూసేసిన నేల మీద పరిచారు. పనికిరాని నేలను ముందు వాడుకోవడం ఎలాగో అక్కడ చూడవచ్చు.

అటవీ, వన్యప్రాణి, తీరప్రాంత చట్టాలు ఉన్నాయి కదా అన్నది రెండో మాట. ఉన్నాయి. అయితే రికార్డులో అడవి అనో అభయారణ్యం అనో పేరున్న నేలకు, అలల గీత నుంచి నిర్ణీత దూరానికి మాత్రమే అవి వర్తిస్తాయి. గడ్డి భూమికీ తుప్పకూ ఆ పేరు ఉండదు. ఆలస్యమవుతుందన్నది మూడోది. పాతికేళ్లు నడిచే ప్లాంటుకు, టెండరు తయారయ్యేలోపే పూర్తయ్యే ఒక ఏడాది పరిశీలన అడ్డమెలా అవుతుంది?

దేశంలోని 17.78 లక్షల ఎకరాల రక్షణ భూమిని సర్వే చేయించినట్టు మీ శాఖ 2022 జనవరిలో ప్రకటించింది. హద్దులు తేల్చడానికి అంత శ్రమ పడ్డ శాఖకు, ఆ హద్దుల లోపల ఏముందో రాసుకోవడం కష్టం కాదు. కొత్త చట్టం కూడా అక్కర్లేదు, మీ శాఖ ఉత్తర్వు ఒక్కటి చాలు. ముందు బారకాసులు, హ్యాంగర్లు, గోదాముల కప్పులు; తరువాత ఇప్పటికే చదునైన, పాడైన నేల; అవి చాలకపోతేనే, ఏడాది పరిశీలించి నివేదిక ప్రకటించిన తరువాత మిగతా నేల. అదే ఉత్తర్వులో పలకల సంగతి కూడా చేర్చండి. 2022 నాటి ఈ-వ్యర్థాల నిబంధనలు సోలార్ పలకల వ్యర్థాలను 2034-35 దాకా నిల్వ చేయమంటున్నాయి. 2020లో బిగించిన పలకల ఆయుష్షు 2045 దాకా. తుపాను గాలికి పగిలినవి అంతకుముందే కుప్పపడతాయి. ఆ కుప్పను ఎవరు, ఎవరి ఖర్చుతో, స్థావరం దాటించి ఎక్కడికి చేరుస్తారో ఒప్పందం మీద సంతకం చేసే రోజునే రాయించండి.

ఇట్లు,
ప్రత్తిపాడు నుంచి ఒక పౌరుడు