బొమ్మ చుట్టూ బొంత

ఆరుపలకల ముక్కలతో బొంత కుట్టాలని ముచ్చటపడే సోదరీమణులు ముందుగా రంగురంగుల ముక్కలు పోగేస్తారు. నడుమ వచ్చే అద్దకపు బొమ్మ సంగతి ఆనక చూద్దామనుకుంటారు. నా మాట వినండి, పెత్తనం బొమ్మకే ఇవ్వండి!

మచిలీపట్నం రేవు నుంచి వెళ్లిన అద్దకపు గుడ్డలు ఒకప్పుడు ఇంగ్లండు ఇల్లాళ్లను ఎంత మురిపించాయంటే, అక్కడి నేతగాళ్ల గోడు విని 1721లో ప్రభుత్వం అద్దకపు నూలుగుడ్డల వాడకాన్నే నిషేధించింది. 1774లో ఆ కట్టు సడలింది. తరవాత అక్కడ బొంతల నడుమకని ప్రత్యేకంగా బొమ్మలు అద్దారు. 1813లో వెల్లింగ్టన్ గెలిచిన విటోరియా యుద్ధం కూడా అలా బొంత కెక్కింది!

ఇక పని. ఒక్కో భుజం అంగుళం ఉండేలా దళసరి కాగితం కత్తిరించండి. గుడ్డను చుట్టూ పావంగుళం ఎక్కువ ఉంచి, కాగితం మీదికి మడిచి టాకా వేయండి. ముక్కల అంచులు కలిపి సన్నగా కుట్టాక టాకాలు విప్పి కాగితం తీసేయండి. వరస అంచు రంపపు పళ్లలా వస్తుంది. దానికోసం బొమ్మను కోయకండి! ఆ పళ్లనే బొమ్మగుడ్డ మీదికి జరిపి కుట్టండి. బొమ్మ చుట్టూ ఒకటిన్నర అంగుళం ఖాళీ గుడ్డ ఉంటే చాలు.

మొదటి వరసకు బొమ్మ వెనకాల ఉన్న నేల రంగే వాడండి. లేకుంటే పేరంటాళ్ల సందడిలో పెళ్లికూతురు కనబడనట్టే!

నా బొంతలో మా అమ్మ చీరల ముక్కలున్నాయి. అవి మళ్లీ దొరికేవి కావు. అందుకే కుట్టకముందే బొమ్మగుడ్డను విడిగా ఉతికాను. తడిపిన తెల్లగుడ్డతో రుద్దితే ఎరుపు అంటింది. అంటడం మానేదాకా ఉతికాను. మీరూ ఈ ఒక్క జాగ్రత్త మరవకండి.